పాలచీటీ నుంచి ఉద్దర పుస్తకం దాకా

(తిరుపతిలో బి.ఇడి. విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులు ఉపాధ్యాయురాలు, సంఘసేవకురాలు, పారిశ్రామికవేత్త అంటూ మూడు బరువైన మాటలు వాడారు. మా ఊరివాళ్లు ఎవరైనా ఈ గదిలో ఉండి ఉంటే మూడో మాటకు తప్పకుండా నవ్వేవారు. పాకాల మండలంలోని ఒక పల్లెలో మాకు ఒక నూనె గానుగ, దాని ముందు పదడుగుల వెడల్పున్న అంగడి ఉన్నాయి. పగలు ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో గణితం, భౌతికశాస్త్రం చెబుతాను. సాయంత్రం గానుగ ఆగిన తర్వాత అదే రేకుల షెడ్డులో ఊరి పిల్లలకు ఫీజు లేని బడి నడుస్తుంది. ఈ పనులన్నీ ఒకే ఇంట్లో ఎలా ఇమిడాయో, ఎక్కడ ఒకదానితో ఒకటి పోట్లాడాయో చెప్పమని నిర్వాహకులు అడిగారు. పోట్లాట సంగతులే ఎక్కువ చెబుతాను. రేపు ఉద్యోగాల్లో చేరబోయే మీకు పనికివచ్చేవి అవేనని నా నమ్మకం.

నా కథను మా అమ్మ దగ్గర మొదలుపెట్టక తప్పదు. 1990ల ఆరంభంలో, అప్పటి ఉమ్మడి చిత్తూరు జిల్లాలో అక్షర తపస్మాన్ పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. నేను అప్పుడే బడిలో చేరాను. రాత్రి సంగటి తిన్నాక మా వీధి భజన గుడి అరుగు మీద లాంతరు పెట్టుకొని, ఇరవై మంది ఆడవాళ్లు పలకలు పట్టుకొని కూర్చునేవారు. వారిలో మా అమ్మ ఒకతె. పక్కనున్న నెల్లూరు జిల్లాలో అటువంటి తరగతుల నుంచే దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటం పుట్టి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చేదాకా సాగింది. మా ఊళ్లో అంత చరిత్ర ఏదీ జరగలేదు. జరిగిందల్లా ఇది: ఒకరోజు మా అమ్మ పాలకేంద్రం నుంచి తెచ్చిన చీటీని పొయ్యి వెలుగులో పెట్టి, అంకె అంకెనూ వేలితో తడిమి చదివింది. పొద్దున తాను మూడు లీటర్లు పోసింది. చీటీలో రెండు లీటర్ల ఆరువందలని ఉంది.

మరుసటి రోజు ఆమె వెంట నేనూ వెళ్లాను. కొలిచే మనిషి "నురగ పోతే అంతే వస్తుందమ్మా" అన్నాడు. మా అమ్మ గొంతు పెంచలేదు. "అట్లయితే నురగ పోయేదాకా ఈడ్నే నిలబడతా, అప్పుడు మళ్లీ కొలువు నాయనా" అని క్యాను పక్కన పెట్టి నిలబడింది. వెనక పాలు పోయడానికి వచ్చినవాళ్ల వరుస పెరుగుతోంది. నురగ దిగింది, కొలిచారు, మూడు లీటర్లకు ఒక గుక్కెడు తక్కువ వచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి చీటీనీ ఒక ఇనుప తీగకు గుచ్చి పొయ్యి పక్క గోడకు వేలాడదీసేది. బడిలో నాకు కూడికలు తీసివేతలు నేర్పిన పంతులుగారి మీద గౌరవం తగ్గించకుండా చెబుతున్నాను, లెక్క ఎందుకో నాకు తెలిసింది మాత్రం ఆ తీగ దగ్గరే.

2007లో బి.ఇడి. పూర్తిచేసి, పాకాలలో ఒక ప్రైవేటు పాఠశాలలో నెలకు 2,800 రూపాయల జీతానికి చేరాను. డీఎస్సీ రాశాను, రాలేదు. మళ్లీ రాశాను, మళ్లీ రాలేదు. అప్పట్లో మా పాఠశాలకు అప్పుడప్పుడూ వచ్చే విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు 1980లలో నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచరుగా చేరిన రోజులను తలచుకొని, "నీకు నాకంటే ఏడింతలు ఎక్కువమ్మా" అని ఓదార్చేవారు. ఆ లెక్కలో ధరల పెరుగుదలను ఆయన కావాలనే వదిలేసేవారని నాకు తెలుసు.

జీతం సంగతి ఎట్లా ఉన్నా, సాయంత్రాలు ఖాళీగా ఉండేవి. మామిడి కోతల కాలంలో బడి మానేసి తోటల్లోకి పోయే పిల్లలు మా ఊళ్లో పదిహేను మంది దాకా ఉండేవారు. వాళ్లను పోగుచేసి భజన గుడిలోనే రాత్రి బడి పెట్టాను. మొదటి నెలలోనే అది విఫలమైంది. ఎనిమిదేళ్ల పిల్ల, పదమూడేళ్ల పిల్లవాడు ఒకే చాప మీద కూర్చుంటే ఇద్దరికీ ఒకే పాఠం చెప్పడం నాకు బి.ఇడి.లో ఎవరూ నేర్పలేదు. ఆ వేసవిలో మదనపల్లె దగ్గరి రిషివ్యాలీకి వెళ్లే అవకాశం వచ్చింది. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం వారు ఒకే గదిలో అనేక తరగతుల పిల్లలు చదువుకునేందుకు మెట్ల వారీగా కార్డులు తయారుచేశారు. పిల్ల తానున్న మెట్టు దగ్గర కార్డు తీసుకుంటుంది, అది వచ్చాక పై మెట్టుకు పోతుంది, పక్కవాడు ఏ తరగతో ఆమెకు అనవసరం. నేను ఆ పద్ధతిని పాత శుభలేఖల వెనక రాసి తెచ్చుకున్నాను. శుభలేఖ అట్ట గట్టిగా ఉంటుంది, నాలుగేళ్ల దాకా చిరగదు. ఆ కార్డుల్లో కొన్ని ఇప్పటికీ వాడుతున్నాను. ఒకవైపు పొడుపు లెక్కలు, ఇంకోవైపు ఎవరిదో పాతికేళ్ల నాటి పెళ్లి ముహూర్తం.

రాత్రి బడికి పిల్లలను దించడానికి వచ్చే తల్లులు డ్వాక్రా సంఘాల సభ్యులు. వాళ్ల పుస్తకాలు రాసే మనిషి ఊళ్లో ఇంకెవరూ లేకపోవడంతో ఆ పని నా మీద పడింది. తీర్మానాల పుస్తకం, పొదుపు ఖాతా, అప్పుల ఖాతా కలిపి నాలుగు సంఘాలవి రాసేదాన్ని, పైసా తీసుకోకుండా. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా చెల్లింపు, సక్రమమైన పుస్తకాలు అనే అయిదింటిని సంఘాల భాషలో పంచసూత్రాలు అంటారు. అయిదో సూత్రం సరిగా ఉంటే మిగిలిన నాలుగూ వాటంతటవే నిలబడడం కళ్లారా చూశాను. అయితే నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. పన్నెండేళ్లు వాళ్ల పుస్తకాలు నేనే రాశాను తప్ప, వాళ్లలో ఒక్కరికైనా రాయడం నేర్పలేదు. నేర్పే వృత్తిలో ఉన్నదాన్ని, ఊరికి సాయం చేస్తున్నాననే తృప్తిలో పడి, అసలు పని మరచిపోయాను. కాన్పుకు నేను మంచమెక్కిన రెండు నెలలూ నాలుగు సంఘాల పుస్తకాలూ ఆగిపోయాయి.

పెళ్లి 2010లో అయింది. మా నాన్న అప్పటికే లేరు, నేను ఒక్కతే బిడ్డను కాబట్టి అబ్బాయి ఇల్లరికం రావాలనేది మా వైపు షరతు. మన జిల్లాలో ఇల్లరికపు అల్లుడంటే ఊరు ఎట్లా చూస్తుందో మీకు చెప్పనక్కరలేదు. బంగారుపాళెం వైపు నుంచి వచ్చిన సంబంధం ఇది. ఆయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ సూపర్‌వైజరు. తోతాపురి దిగే జూన్ నుంచి రెండు మూడు నెలలు రాత్రింబగళ్లు పని, ఆ తర్వాత ఎక్కడ దొరికితే అక్కడ. పెళ్లిచూపుల్లో నేను అడిగింది రాత్రి బడి ఆపనని మాత్రమే. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే రాత్రి అన్నం ఎన్ని గంటలకు?" అని అడిగారు. ఎనిమిదిన్నరకు అన్నాను. "మా ఫ్యాక్టరీలో పదకొండుకు తినే అలవాటు" అన్నారు. ఆ మాటతో సంబంధం కుదిరింది. పెళ్లయ్యాక పదేళ్ల పాటు ఊళ్లో ఆయనకు పేరు లేదు. "టీచరమ్మ మొగుడు" అనేవారు. ఆయన నాతో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు గానీ, గానుగ పెట్టిన రెండో ఏడు సంతలో ఎవరో "గానుగాయనా" అని పిలిచారని ఇంటికి వచ్చి మూడుసార్లు చెప్పారు.

2012లో పెద్దబిడ్డ పుట్టినప్పుడు నేను పనిచేసే పాఠశాలవారు రాజీనామా రాసివ్వమని, కోలుకున్నాక మళ్లీ కొత్తగా చేరమని చెప్పారు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ప్రకారం అప్పట్లో 12 వారాల జీతంతో కూడిన సెలవు ఉండేది. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు బిడ్డలకు అది 26 వారాలైంది. నాకు ఆ సంగతి తెలియదు. సంఘం ఆడవాళ్లకు అప్పుల నిబంధనలు చదివి వినిపించే నేను నా నియామక పత్రాన్ని ఒక్కసారి కూడా చదువుకోలేదు. రాజీనామా రాసిచ్చాను. ఈ గదిలో ఉన్న ఆడపిల్లలు ఉద్యోగంలో చేరే రోజునే ఆ కాగితాన్ని పూర్తిగా చదవాలని మాత్రం గట్టిగా చెబుతాను.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఏప్రిల్ నుంచి జీతం ఆగింది. నవంబరు 2న తొమ్మిది, పది తరగతులు తిరిగి మొదలైనప్పుడు సగం జీతానికి రమ్మన్నారు. మాతో పనిచేసిన హిందీ టీచరు ఆ మధ్యకాలంలో కూరగాయలు అమ్మారు, సైన్సు సారు ఆటో నడిపారు. మా ఇంట్లో అమ్మ ఆవులు ఉండడం వల్ల పొయ్యి వెలిగింది. ఆ చలికాలం ఒక రాత్రి మేం ముగ్గురం కూర్చొని, మాకు ఏమి తెలుసో ఒక తెల్లకాగితం మీద రాశాం. ఆయనకు మిషన్లు తెలుసు, నాకు లెక్క తెలుసు, అమ్మకు మనుషులు తెలుసు. ఊరి చుట్టూ చెనక్కాయ, అంటే వేరుశనగ పండుతుంది. నూనె తీశాక మిగిలే చెక్కను మేతకు కొనడానికి ఇంటింటా ఆవులున్నాయి. అట్లా నూనె గానుగ అనే మాట వచ్చింది. మా వైపు గానుగ అంటే ముందుగా గుర్తుకొచ్చేది బెల్లం గానుగే కాబట్టి, ఆ తర్వాత ఏడాది పాటు మేం ఎవరికి చెప్పినా "చెరుకు ఎక్కడిది మీకు?" అని అడిగేవారు.

గానుగ, మోటారు, షెడ్డు రేకులు, విద్యుత్ కనెక్షన్ కలిపి 3,60,000 రూపాయలు తేలింది. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్రా పథకంలో 50,000 నుంచి 5 లక్షల దాకా ఇచ్చే అప్పును కిశోర్ అంటారు. దానికి తాకట్టు అడగకూడదు. మేం వెళ్లిన బ్యాంకులో మాత్రం మొదట ఇంటి కాగితాలు అడిగారు. మూడుసార్లు తిరిగాక, చిన్న సంస్థగా నమోదైనట్టు చూపే ఉద్యమ్ పత్రం, సంఘంలో పదేళ్లుగా నా పేరున ఉన్న వాయిదాల చరిత్ర చూపించాక 3 లక్షలు మంజూరు చేశారు. మిగిలిన 60,000 మా సంఘం నుంచి తీసుకున్నాను. ఇన్నేళ్లు నేను రాసిన అప్పుల ఖాతాలో నా పేరు ఎదుట వేరొకరు అంకె వేయడం అదే మొదటిసారి.

గానుగ గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మాది కట్టె గానుగ. రోలు, రోకలి రెండూ దిరిసెన మానువి. ఒక విడతకు పన్నెండు నుంచి పదిహేను కిలోల గింజలు పడతాయి, ముప్పావు గంట తిరుగుతాయి. చెనక్కాయ గింజలకు మధ్యలో చిలకరింపుగా నీళ్లు కావాలి. నువ్వులకైతే బెల్లం ముక్క వేస్తాం, అప్పుడే పిండి ముద్దకట్టి నూనె విడుస్తుంది. రెండున్నర కిలోల గింజలకు ఒక కిలో నూనె, ఒక కిలో నాలుగువందల గ్రాముల చెక్క వస్తాయి. తీసిన నూనెను రెండు మూడు రోజులు ఎండలో తేరనిస్తే మడ్డి అడుగుకు దిగుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. గానుగ నూనె షుగరు తగ్గిస్తుందని, గుండెకు మందని బోర్డులు పెట్టిన అంగళ్లు మీరు తిరుపతిలోనే చూసి ఉంటారు. నేను ఆ మాట ఎవరికీ చెప్పను. నూనె ఏదైనా నూనే. వాసన, రుచి బాగుంటాయని, మా కళ్ల ముందు ఆడించిందని మాత్రం చెబుతాను. ఇంకా చెప్పాలంటే, రిఫైనింగు లేని నూనెలో ఒక ప్రమాదం కూడా ఉంది. తేమ ఆరని గింజలకు, పంట చివర బెట్టకు గురైన కాయలకు పట్టే బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. మా గానుగలో అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టే పని గింజలు ఏరడం. ముడుచుకున్నది, రంగు మారినది, బూజు పట్టినది పక్కకు తీసేస్తాం; వాటిని ఆవులకు కూడా పెట్టం, ఎందుకంటే ఆ విషం పాలలోకి కూడా దిగుతుంది.

ఇక నా పరువు తీసిన సంగతి. మొదటి నాలుగు నెలలూ ఊళ్లోని తెలిసినవాళ్లకే, వాళ్లు తెచ్చుకున్న స్టీలు క్యాన్లలో నూనె పోసి ఇచ్చాం. ధర కట్టింది నేను. గింజలు కిలో 95 రూపాయలు, రెండున్నర కిలోలకు 237 రూపాయల 50 పైసలు. చెక్క అమ్మితే వచ్చే 53 రూపాయలు తీసేసి, కరెంటు, కూలి, బ్యాంకు వాయిదా కలిపితే కిలో నూనెకు 215 రూపాయలు పడుతుంది. లీటరు నూనె 910 గ్రాములే కాబట్టి లీటరుకు 196 రూపాయలు. లీటరు 220కి అమ్మితే 24 రూపాయలు మిగలాలి. పుస్తకంలో లెక్క చక్కగా ఉంది. అంగట్లో మాత్రం మా ఆయన, అమ్మ కలిసి అయిదు లీటర్ల క్యానుకు కాటా మీద అయిదు కిలోలు తూచి ఇస్తున్నారు. వాళ్లకు చెప్పాల్సిన ముక్క నేను చెప్పలేదు. అది చూసింది నా దగ్గర తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడు. వాళ్లమ్మ క్యాను పట్టుకొని వచ్చి, కాటా వైపు చూసి, "మేడం, నూనె నీళ్ల మీద తేలతాది కదా, అయిదు లీటర్లు అయిదు కిలోలు ఎట్లవతాది?" అన్నాడు. సాంద్రత పాఠం వాడికి చెప్పింది నేనే. అప్పటికి 600 లీటర్ల నూనె పోయింది. అంటే 54 కిలోలు ఊరికే పంచిపెట్టాం, సుమారు 11,600 రూపాయలు. లీటరుకు 24 మిగలాల్సిన చోట 5 రూపాయలు మిగిలాయి. పాల దగ్గర నాలుగువందల మిల్లీలీటర్లకు నిలబడి కొట్లాడిన మా అమ్మ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

నూనెను సీలు వేయకుండా విడిగా అమ్మకూడదని ఆహార భద్రతా నిబంధనలు చెబుతాయని కూడా ఆ తర్వాతే తెలుసుకున్నాం. 2021లో మేం తీసుకునే నాటికి, ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్న చిన్న వ్యాపారికి ఆహార నమోదు రుసుము ఏడాదికి 100 రూపాయలే. సీసా మీద తేదీ, పరిమాణం, ధర, చిరునామా ఉండాలి. కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. ఎవరి గింజలు వాళ్లే తెచ్చుకొని ఆడించుకుంటే అది కూలి పని, వాళ్ల నూనె వాళ్ల క్యానులోనే పోసుకుంటారు. ఈ రెండు రకాల పనికి రెండు పుస్తకాలు పెట్టాం.

మూడో పుస్తకం ఉద్దరది, అంటే అరువుది. పల్లెలో ఉద్దర ఇవ్వకుండా అంగడి నడపలేం. పాల బిల్లు పదిహేను రోజులకు, ఉపాధి కూలి ఎప్పటికో, మామిడి డబ్బు ఇంకెప్పటికో వచ్చే చోట రొక్కం అడగడం న్యాయం కూడా కాదు. 2025 సీజనులో తోతాపురి ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయం జరిగినప్పుడు, ఆ డబ్బు రైతు చేతికి వచ్చేలోపు మా ఉద్దర పుస్తకం రెండు పేజీలు నిండింది. పుస్తకం రాసేది అమ్మే. నేను బడిలో ఉంటాను, ఆయన గానుగ దగ్గర ఉంటారు. అక్షరాలు ఇప్పటికీ వంకర, అంకెలు మాత్రం గుండ్రంగా ఉంటాయి. తీసుకున్నవాళ్లు తమ చేత్తో సంతకం పెట్టాలి. వేలిముద్ర వేస్తానన్నవాళ్లను రాత్రి బడికి రమ్మంటుంది.

మొదటి ఏడాది చివర ఉద్దర 68,000 రూపాయలకు చేరింది. నేను దాన్ని వ్యాపార సమస్యగానే చూశాను. నవంబరులో మా తరగతి తల్లిదండ్రుల సమావేశం జరిగింది. 38 మంది పిల్లల్లో 11 మంది ఇళ్ల నుంచి ఎవరూ రాలేదు. హాజరు పట్టీ ఇంటికి తెచ్చుకొని, రాని ఆ పదకొండు పేర్లూ చూస్తుంటే రెండు మూడు ఎక్కడో ఇటీవలే చదివినట్టు అనిపించింది. ఉద్దర పుస్తకం తీసి పక్కన పెట్టాను. ఆరుగురు అందులో ఉన్నారు. అంతకుముందు ఏడాది ఆ ఆరుగురూ వచ్చినవాళ్లే. మూడువందలు, ఏడువందలు బాకీ ఉన్నందుకు, నా ముఖం చూడలేక, బిడ్డ చదువు ఎట్లా ఉందో అడగడం మానేశారు. వారిలో ఒకరి బిడ్డకు అప్పటికే బడి మీద మనసు పోతోంది, ఆ మాట చెప్పాలని నేను ఎదురుచూస్తున్నాను.

విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది. 2010లో అది అమలులోకి వచ్చినప్పుడు, చాలీచాలని జీతాలిచ్చి ఇదేం నియమమని స్టాఫ్ రూములో అందరికంటే గట్టిగా వాదించింది నేనే. ఆ నవంబరు రాత్రి రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకొని కూర్చున్నప్పుడు దాని అంతరార్థం కొంత తెలిసింది. పాఠం చెప్పే మనిషికి, చదువుకునే బిడ్డ ఇంటికి మధ్య డబ్బు వచ్చి కూర్చుంటే బెత్తం పట్టుకున్న చెయ్యి, బాకీ అడిగే చెయ్యి ఒకటే అవుతుంది. బాకీలు రద్దు చేద్దామా అని ఇంట్లో అడిగాను. అమ్మ ఒప్పుకోలేదు. "ఊరికే ఇస్తే మొగం ఇంకా చాటేస్తారమ్మణ్ణీ" అంది. ఆమె చెప్పినట్టే చేశాం. నా తరగతి పిల్లల ఇళ్లకు కొత్త ఉద్దర లేదు, వాళ్లకు ఆడింపు కూలి మాత్రం సగం. పాత బాకీని చెనక్కాయల రూపంలో, పంట దిగినప్పుడు, అమ్మ చేతికే ఇవ్వవచ్చు. ఆ లెక్క నేను చూడను. తర్వాతి సమావేశానికి ఆ ఆరుగురిలో నలుగురు వచ్చారు.

ఒక్క బాకీ మాత్రం ఇప్పటికీ తేలలేదు. పెళ్లిళ్లకు వంటలు చేయించే ఒక ఆసామి 60 లీటర్ల నూనె తీసుకెళ్లి ఎనిమిది నెలలు తిప్పాడు. సూక్ష్మ సంస్థల దగ్గర సరుకు కొన్నవారు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం ఉంది, ఆలస్యమైతే చక్రవడ్డీ కూడా ఉంది. నేను ఫిర్యాదు రాసి పెట్టుకున్నాను, పంపలేదు. ఆయన కూతురు నా పదో తరగతిలో మొదటి బెంచీలో కూర్చుంటుంది. మీరు నన్ను పిరికిదంటే అనవచ్చు. ఆ విషయంలో ఈరోజుకూ నాకే స్పష్టత లేదు. మా అమ్మ చట్టం జోలికి పోలేదు. ఉద్దర పుస్తకం నుంచి ఒక కాగితం చించి, తేదీ, లీటర్లు, ధర, బాకీ అంటూ పాలచీటీ వరసలోనే రాసింది. నేను ఆ పిల్లతో పంపుదామన్నాననుకొని నా వైపు ఒక చూపు చూసి, తానే బస్సెక్కి వెళ్లి ఆయన ఇంటి అరుగు మీద కూర్చుంది. మధ్యాహ్నం అన్నం పెడితే తినలేదు, మజ్జిగ మాత్రం తాగింది. సాయంత్రం సగం డబ్బుతో వచ్చింది. తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లింది. 1,400 రూపాయలు ఇంకా ఉంది. ఆ చీటీ తీగకే వేలాడుతోంది.

మీలో చాలామంది అడగదలచిన ప్రశ్న నాకు తెలుసు కాబట్టి అదీ చెప్పేస్తాను. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది, మా రాత్రి బడిలో శుభలేఖ కార్డులు చదివిన ఒక అమ్మాయి అందులో సెకండరీ గ్రేడ్ టీచరుగా ఎంపికైంది. తనకు కూడా ఇంట్లో కుట్టుమిషన్ల పని ఉంది, కొనసాగించవచ్చా అని నన్ను అడిగింది. ప్రభుత్వ ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది, అనుమతి లేకుండా వ్యాపారం చేయడం దాని ప్రకారం తప్పు. ఇంటివాళ్లు చేస్తుంటే ఆ సంగతి పై అధికారికి రాతపూర్వకంగా తెలపమని చెప్పాను. ప్రైవేటు పాఠశాలలో ఉన్నవారికి నియామక పత్రమే నియమావళి. నేను ఇప్పుడు పనిచేసే చోట చేరే ముందే గానుగ సంగతి కాగితం మీద రాసిచ్చి సంతకం తీసుకున్నాను. మా గానుగ నమోదు మా ఆయన పేరున ఉంది, కాటా ముద్ర ఆయన పేరునే, అప్పు మాత్రం ఇద్దరి పేరునా. సంఘాల పుస్తకాలు ఇప్పుడు నేను రాయడం లేదు. ముగ్గురు ఆడవాళ్లకు రాత్రి బడిలోనే నేర్పాను, వాళ్లు రాస్తారు, నెలకు ఒకసారి తప్పులు చూస్తాను. పోయిన నెల వాళ్లు నా వాయిదాలో పది రూపాయలు తక్కువ పడిందని నాకే చూపించారు.

రేపు ఆదివారం, ఆడింపుకు వచ్చేవాళ్లు ఎక్కువ. ఏరాల్సిన గింజలు రెండు బస్తాలు ఉన్నాయి. పాకాల బస్సు ఆరింటికి. ఇంకా అడగాలనుకున్నవాళ్లు బస్టాండు దాకా నాతో నడవండి, దారిలో మాట్లాడుకుందాం.